ఆరోసారి తిప్పినప్పుడు

మా బావకి స్టూడియోలో అందరూ పెట్టిన పేరు లెక్కలాయన. ట్రిక్ షాట్లు తీసే కెమెరాకి చేతిపిడి ఉండేది, ఆ పిడి తిప్పడం ఆయన పని. తిప్పేటప్పుడు చుట్లు లెక్కపెట్టుకునేవాడు. ఆయన పెదాలు కదులుతుంటే ఎవరూ నోరు తెరవకూడదు, డైరెక్టరైనా సరే. నేను అక్కడే లైట్లు పట్టేవాణ్ణి. ఆ ఉద్యోగం వేయించిందీ ఆయనే.

ఓ పౌరాణికంలో మాయల రాజు ఒక్కడే ఏడుగురై నవ్వాలి. ఇప్పుడైతే చిటికెలో పని. అప్పుడు నల్లగుడ్డ ముందు నటుణ్ణి ఒకచోట నిలబెట్టి తీసేవాళ్లు. లెన్సు మూసి, ఆ ఫిల్మునే మొదలుపెట్టిన చోటికి వెనక్కి తిప్పేవాళ్లు. నటుణ్ణి రెండడుగులు పక్కకి జరిపి దానిమీదే మళ్లీ తీయడం. ఇలా ఏడుసార్లు. ఒక్క చుట్టు తేడా వచ్చినా ఆరుగురు నవ్వేశాక ఏడోవాడు నవ్వుతాడు. అదీ లాబ్‌లో కడిగితేగానీ తెలిసి చావదు. ఈ షాటు కుదిరితే తర్వాతి సినిమాకి ట్రిక్ కెమెరా మొత్తం నీదేనని డైరెక్టర్ బావకి మాటిచ్చాడు. అక్క అప్పుడే వీధంతా చెప్పేసింది కూడా.

ఆరోసారి ఫిల్ము వెనక్కి తిప్పుతున్నాడు. పొద్దుటినుంచీ నిలబడి నాకు కాళ్లు పీకుతున్నాయి, కడుపు కాలుతోంది. ఆయన చెవి దగ్గరికి వంగి, "బావా, భోజనానికి ఆపుతారా?" అని గొణిగాను. నా నోరు పడిపోనూ! ఆయన చెయ్యి ఒక్క క్షణం ఆగి మళ్లీ తిరిగింది.

ఏడోదీ అయింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ నటుడు పాపం కిరీటం తీసి కూలబడ్డాడు. అప్పుడు బావ, "లెక్క మీద నాకు అనుమానంగా ఉందండీ. ఆరోసారి ఒక చుట్టు పోయిందేమో" అన్నాడు.

"ఎందుకు పోయింది?" అన్నాడు డైరెక్టర్.

బావ నావైపు ఒక్కసారి చూసి, "నా పరధ్యానమేనండీ" అన్నాడు.

నేను నోట్లో బెల్లంగడ్డ పెట్టుకున్నట్టు నిలబడ్డాను. కొత్త ఫిల్మెక్కించి ఏడుసార్లూ మళ్లీ తీశారు.

మూడోరోజు లాబ్ నుంచి రెండూ వచ్చాయి. మొదటిదాంట్లో వెంట్రుకవాసి తేడా లేదు. సినిమాలో పెట్టిందీ అదే. "చేసిన పనిమీద తనకే నమ్మకం లేనివాడికి కెమెరా ఎలా ఇస్తాను?" అని డైరెక్టర్ ఇంకొకణ్ణి పెట్టుకున్నాడు. బావని ఫిల్ము డబ్బాల గదిలోకి తోశారు. పంతొమ్మిదేళ్లు డబ్బాలకి చీటీలు అంటించి, అక్కణ్ణుంచే రిటైరయ్యాడు.

ఆదివారాలు వాళ్లింట్లోనే నా భోజనం. వడ్డిస్తూ అక్క ఆయన్ని దులిపేసేది. "ఆ రోజు నోరు మూసుకుంటే నీ సొమ్మేం పోయేది?" అని. ఆయన తల వంచుకుని తినేవాడు. మధ్యలో, "వాడికి ఇంకో గరిటె వెయ్యి" అనేవాడు. నాకు సిగ్గుగానే ఉండేది. అయినా చెప్పలేదు.

బావ పోయిన నెలకి వెళ్లాను. అక్క ఆయన చొక్కాలు మడతపెడుతోంది. "అక్కా, ఆ రోజు మధ్యలో మాట్లాడి ఆయన్ని లెక్కలో తికమకపెట్టింది నేనే" అన్నాను.

ఆమె చేతులు ఆగలేదు. "తెలుసురా. ఆ రోజే ఇంటికొచ్చి చెప్పాడు. బయటపడితే వాడి ఉద్యోగం పోతుంది, నువ్వు నోరెత్తకు అన్నాడు. అందుకే నిన్ను అనలేక, నీకు వినపడేట్టు ఆయన్ని అన్నాను. ఇన్నేళ్లలో ఒక్క ఆదివారమైనా 'ఆపు అక్కా' అంటావేమోనని చూశాను. నువ్వు కడుపునిండా తిని చెయ్యి కడుక్కునేవాడివి."