పక్కింటి పైకప్పు

కండక్టరమ్మ అంటేనే ఊళ్ళో ఆమె ఎవరో తెలుస్తుంది. బస్సు ఉద్యోగం నుంచి రిటైరయి చాలాకాలమైనా ఆ పిలుపు మాత్రం రిటైరవలేదు. ఆమె కానిస్తేగా! కూరగాయల దుకాణం ముందు నలుగురు గుంపుగా కనిపిస్తే చాలు, "ముందుకు జరగండి, లోపలంతా ఖాళీగానే ఉంది" అనేస్తుంది. అన్నేళ్ళ సర్వీసులో ఒక్క మనిషిని కూడా దిగాల్సిన చోట కాకుండా మరో చోట దింపలేదని ఆమెకు గొప్ప. ఆ మాట అడిగిన వాళ్ళకీ, అడగని వాళ్ళకీ కూడా చెప్పేది.

భర్త దర్జీ. మెత్తటి మనిషి. ఆదివారం వస్తే చర్చిలో ముందు వరసలో ఉంటాడు. తుఫాను ఎక్కడ ఇళ్ళు కూల్చినా, బాగుచేయడానికి చర్చి నుంచి బయల్దేరే జట్టులో మొదటి మనిషీ ఆయనే. కండక్టరమ్మకు భక్తి లేదని కాదు గాని, బల్ల మీద కుదురుగా కూర్చునే భక్తి కాదు. "జీవితమంతా నిలబడి పనిచేసినదాన్ని. కూర్చోబెట్టి ప్రసంగం వినమంటే నిద్ర రాదూ మరి!" అనేది.

ఒక ఏడాది ఆయన మోకాలు మొరాయించింది. సరిగ్గా అప్పుడే తుఫాను వచ్చింది. మంచం మీద నుంచే ఆయన అన్నాడు: "నా బదులు నువ్వెళ్ళవే."

"నాకు ప్రార్థన చెయ్యడం రాదండీ."

"ప్రార్థన చేసేవాళ్ళకేం, బోలెడంతమంది ఉన్నారు. సుత్తి పట్టుకునేవాళ్ళే తక్కువ."

అలా వెళ్ళింది. వెళ్ళేసరికి చర్చి ఆవరణలో లారీ ఖాళీగా ఉంది, రేకులు నేల మీద ఉన్నాయి, జనం చేతులు కట్టుకుని పాట పాడుతున్నారు. ఒక పాట అయ్యాక ఇంకో పాట. ఆకాశం చూస్తే నల్లబడుతోంది. ఆమె ఊరుకోలేకపోయింది. "పాట లారీలో పాడుకోవచ్చు, ముందు రేకులెక్కించండి" అంది. చిన్నవయసు పాస్టరుగారు నవ్వేసి, అందరికంటే ముందు ఆయనే ఒక రేకు పట్టుకున్నారు. ఆ రోజు నుంచి ఎవరూ నియమించకుండానే ఆమె ఆ జట్టుకు పెద్ద అయిపోయింది.

పని నేర్చుకోవడానికి ఎంతో కాలం పట్టలేదు. గదుల్లో మోకాలెత్తు బురద పారలతో లాగి గుమ్మం దాటించడం, నీళ్ళు పీల్చి మనిషి బరువెక్కిన పరుపుల్ని ఇద్దరిద్దరు పట్టుకుని వీధిలో పారేయడం, గోడలకు పట్టిన చెమ్మ గీకి మందునీళ్ళతో కడగడం. ఆఖరికి రేకులు. తలకట్టు కట్టుకుని నిచ్చెనెక్కితే పడుచువాళ్ళు కూడా ఆమెతో సమానంగా కొక్కేలు బిగించలేకపోయేవారు. ఇంటికొచ్చాక భర్త ఆమె అరచేతుల బొబ్బలకు మందు రాస్తూ ప్రతి ఇంటి సంగతీ అడిగి అడిగి తెలుసుకునేవాడు.

అలా రెండు మూడు తుఫాన్లు గడిచాయి. తర్వాతి దాంట్లో ఆమె పప్పులో కాలేసింది.

ఆ సారి కాలవ గట్టు మీద ఒక వీధి మొత్తం దెబ్బతింది. అక్కడి చిన్న చర్చి పెద్దాయన ఫోను చేసి, ఒంటరిగా ఉన్న ఒక ముసలావిడ ఇల్లు మీరు చూడాలి, నీలం గోడ, గట్టు చివర, అన్నాడు. ఇంకా ఏదో చెబుతుండగా ఫోను తెగిపోయింది. మళ్ళీ కలవలేదు. వీళ్ళు లారీలో వెళ్ళి, నీళ్ళ డబ్బా మోసుకుపోతున్న ఒకాయన్ని "మామ్మగారి ఇల్లెక్కడ?" అని అడిగారు. చేతులు ఖాళీ లేక ఆయన గడ్డంతో అటు చూపించాడు. అటు చూస్తే నీలం గోడ, నెత్తిన కప్పు లేదు, తలుపు ఊడిపోయి ఉంది. ఇంకేం కావాలి?

పక్కిల్లు చూడ్డానికి బాగానే ఉంది. అదీ నీలమే గాని వెలిసిపోయింది. ముందు వైపు రేకులు ఉన్నాయి. అరుగు మీద ఒక ముసలమ్మ కూర్చుని కోడిపెట్టకు గింజలు వేస్తోంది.

"మామ్మా, ఈ ఇంటావిడ ఎక్కడికెళ్ళారు?" అని కండక్టరమ్మ అడిగింది.

ముసలమ్మ ఒక క్షణం లారీని చూసింది, రేకుల్ని చూసింది. "బళ్ళో ఉన్నారమ్మా. గాలివాన రోజు నుంచీ అక్కడే."

ఉన్నారు అంటే ఆ పెద్దావిడకు ఇచ్చిన గౌరవమే అనుకుంది కండక్టరమ్మ. మన భాషలో ఒక్కరికైనా, పదిమందికైనా అదే మాటాయె.

పని మొదలైంది. ముసలమ్మ అరుగు దిగకుండానే ఎంతో సాయం చేసింది. వీళ్ళ పనిముట్లకు కాపలా కాసింది, మంచినీళ్ళు ఇచ్చింది, "ఆ మూల దూలం పుచ్చింది, చూసుకోండి" అని హెచ్చరించింది. గదిలో బురద తీస్తుంటే ఒక ఉయ్యాల బయటపడింది. జట్టులో ఒక ఎలక్ట్రీషియను ఉన్నాడు, కుర్రాళ్ళకంటే అల్లరివాడు. "అక్కా, ఒంటరి ముసలావిడకి ఉయ్యాలెందుకు?" అన్నాడు.

"మనవలుండరా ఏం? పని చూడు."

మర్నాటి సాయంత్రానికి ఆఖరి రేకు ఎక్కింది. కండక్టరమ్మ పైన కూర్చుని కొక్కేలు బిగిస్తూ ఉండగా కింద వీధిలో ఒక తోపుడు బండి ఆగింది. బండి తోసుకొచ్చినవాడు బలంగా ఉన్నాడు, ఐసు ఫ్యాక్టరీలో దిమ్మలు మోసే మనిషి. వెనకాల భార్య, ఆమె భుజం మీద పసిబిడ్డ.

"ఎవరయ్యా మీరు? నా ఇంటి మీదెక్కి ఏం చేస్తున్నారు?"

"నీ ఇల్లా? ఇది మామ్మగారి ఇల్లు కదా!" అంది కండక్టరమ్మ పైనుంచి.

"మామ్మ ఇల్లు అదీ!"

అందరి తలలూ ఒక్కసారి అరుగు వైపు తిరిగాయి. ముసలమ్మ మాత్రం కోడిపెట్ట రెక్క సవరిస్తోంది.

కండక్టరమ్మ నిచ్చెన దిగి, నేరుగా మామ్మ ఇంట్లోకి నడిచింది. ముందు గది దాటితే అవతల ఇల్లు లేదు. వెనక గోడ కూలిపోయింది, పైన ఆకాశం. మూలన ఒక ప్లాస్టిక్ పట్టా, దాని కింద చుట్టిపెట్టిన పక్క. తడిగా ఉంది. ఈవిడ ఈ తడిలో పడుకుంటూ, పక్కింటికి కప్పు వేయిస్తూ కూర్చుంది!

బయటికొచ్చేసరికి కండక్టరమ్మకు కోపం ముంచుకొచ్చింది. కోపం కింద సిగ్గు.

"ఎందుకు చెప్పలేదు మామ్మా? ఒక్క మాట చెబితే నీ సొమ్మేం పోయింది?"

"చెబితే నువ్వు దిగిపోతావు తల్లీ."

"దిగిపోనా మరి! మేం వచ్చింది నీకోసం."

"నాకేముంది? నేనూ, ఈ కోడీ. ఆ పిల్ల బాలింత. బళ్ళో సిమెంటు నేల మీద పడుకోబెట్టారు. పైగా ఊరొదిలి తమ్ముడి దగ్గరికి పోతామని వీడు మొన్న వచ్చి చెప్పి వెళ్ళాడు. పోతే మళ్ళీ వస్తారా? మీరు పొరపాటున వాళ్ళ గుమ్మమెక్కారు. దేవుడి పొరపాటేమోలే అని నోరు మూసుకున్నాను."

ఐసు ఫ్యాక్టరీ అతని ముఖం ఎర్రబడింది. "నీ నోటి దగ్గరిది మాకెందుకే మామ్మా? కందకు లేని దురద కత్తిపీటకెందుకంట?" అని, జట్టు వైపు తిరిగి, "విప్పేయండి. ఆవిడ రేకులు ఆవిడకే వెయ్యండి. సామాన్లు తీసుకుపోదామని వచ్చాం, తీసుకుపోతాం" అన్నాడు.

లోపల్నుంచి అతని భార్య గొంతు వినిపించింది. ఎప్పుడు వెళ్ళిందో, కడిగిన నేల మీద గోడకు చేరగిలపడి బిడ్డకు పాలిస్తోంది. "విప్పేవాళ్ళు నా తల మీదుగా విప్పుకోండి. నేను ఇక్కణ్ణుంచి కదల్ను."

"ఏమే, నలుగురిలో..."

"నలుగురూ ఉన్నారనే చెబుతున్నా. రాను."

ముసలమ్మ బోసినోటితో నవ్వింది. అతను బండి గోడవారకు నెట్టి, "మరి ఈవిడ సంగతేంటి?" అన్నాడు మెల్లగా.

అదే ప్రశ్న. తెచ్చిన రేకులన్నీ అయిపోయాయి. పాస్టరుగారు లారీ ఎక్కి వెతికినా ఒక్కటీ దొరకలేదు. కండక్టరమ్మ గట్టు మీద దూరంగా వెళ్ళి భర్తకు ఫోను చేసింది.

"ఏమండీ. తప్పు చేశాను."

పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన ఆ మాట వినడం అదే మొదలు. జరిగిందంతా విన్నాక నవ్వడం మొదలుపెట్టాడు. దగ్గు వచ్చేదాకా నవ్వాడు. ఆమెకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నవ్వండి, నవ్వండి. ఇక్కడ ముసలావిడ తడిలో పడుకుంటోంది" అంది.

"ఏడవకే. ఎన్ని రేకులు కావాలో చెప్పు."

ఆ మోకాలితోనే ఆయన ఇల్లిల్లూ తిరిగాడు. దుకాణాల్లో సరుకు లేదు, తుఫాను దెబ్బకు అన్నీ అమ్ముడైపోయాయి. చివరికి చర్చి వెనక పాస్టరుగారి స్కూటరు పెట్టే షెడ్డు కనిపించింది. ఫోనులో అనుమతి అడిగితే పాస్టరుగారు, "నా స్కూటరుకు జలుబు చేసినా పర్వాలేదు" అన్నారట. మర్నాడు పాల లారీ మీద ఆ రేకులు వచ్చాయి. వాటితోబాటు ఎవరూ పిలవకుండానే దర్జీ కూడా డ్రైవరు పక్కన కూర్చుని వచ్చాడు.

సెలవు లేనివాళ్ళు కొందరు అప్పటికే వెళ్ళిపోయారు. ఆ లోటు ఐసు ఫ్యాక్టరీ అతను ఒక్కడే పూడ్చాడు. మంచు దిమ్మలు ఎత్తే చేతులకు దూలాలొక లెక్కా! కూలిన గోడ ఇటుకలు ఏరి, మట్టి దులిపి, మళ్ళీ పేర్చారు. దర్జీ కింద కుర్చీలో కూర్చుని కొక్కేలకు రబ్బరు బిళ్ళలు తొడిగి అందించాడు. కండక్టరమ్మ ఆ రోజు ఎవరినీ అదిలించలేదు. నోరు మెదపకుండా పనిచేస్తుంటే ఎలక్ట్రీషియను భయపడి, "అక్కా, జ్వరమా?" అని అడిగాడు.

పని అయ్యాక అలవాటు ప్రకారం ఆ ఇంటి కోసం ఎవరైనా ప్రార్థన చేయాలి. పాస్టరుగారు ఆమె వైపు చూశారు. ఆమె తల అడ్డంగా ఊపబోయి, ముసలమ్మ చెయ్యి పట్టుకుంది. "దేవా, నేను చూడాల్సినంత చూడలేదు. ఈవిడ చూసింది. ఈవిడ్ని చల్లగా చూడు" అంది. అక్కడికే ఆమేన్ అనుకున్నారు.

ఆ తర్వాత ఎక్కడికి వెళ్ళినా ఆమె ముందు చుట్టుపక్కల ఇళ్ళన్నింటిలోకీ, పెరటిదాకా వెళ్ళి చూసొచ్చేది. పని ఆలస్యమవుతోందని జట్టు సణిగినా మానలేదు.

మొదటి పెద్ద వాన పడ్డాక ఐసు ఫ్యాక్టరీ అతను ఫోను చేశాడు. రెండిళ్ళూ బాగున్నాయి, మామ్మ ఇంట్లో మాత్రం ఒకచోట బొట్టుబొట్టుగా కారుతోంది. అది కండక్టరమ్మ బిగించిన చోటే.

"నువ్వక్కడే ఉన్నావుగా, కాస్త తారు పూయలేకపోయావా?"

"పూస్తానంటే నిచ్చెన వెయ్యనివ్వట్లేదక్కా. కింద గిన్నె పెట్టుకుంది. అది కూడా బాగైపోతే మీరు రావడానికి పనేం ఉంటుందంటోంది."

కండక్టరమ్మ ఫోను పెట్టేసి, మిషను కుడుతున్న భర్త వైపు తిరిగింది.

"ఏమండీ, ఈ ఆదివారం మీరు చర్చికి సెలవు పెట్టగలరా?"

ఆయన కళ్ళజోడు తీసి, మోకాలు నిమురుకుంటూ, "తారు డబ్బా ఎక్కడ దొరుకుతుందో కనుక్కో" అన్నాడు.