రుచి చూసే సారు

కరీంనగర్‌లో మా ఇంగ్లీషు సారు ఏ పండ్ల బండి దగ్గర ఆగినా ముందు ఒక పండు నోట్లో వేసుకునేవారు. కొనడం మాత్రం ఎప్పుడో ఒకసారి.

"రోజూ రుచి సూస్తవ్, ఎన్నడన్న కొంటవా సారూ?" అని కోచింగ్ సెంటర్ ముందర బండి పెట్టుకున్న అవ్వ దెప్పేది.

"చూజ్ అనే ఇంగ్లీషు మాట పుట్టిందే రుచి సూసుడు కాడికెళ్లి అవ్వా. ఎంచుకునుడు దాని ఎనక ముచ్చట," అనేవారాయన. ఇంజినీరింగ్ చదివిన నాకు ఆయన మాటను విప్పి చూపిస్తుంటే మోటారు విప్పినంత ముచ్చటగా ఉండేది.

ఆ సెంటర్ ఆయనదే. అందులో లెక్కలు చెప్పే ఉద్యోగం నాదేనన్నారు. అది నమ్మి నిర్మల్‌లో బడి ఉద్యోగం వద్దనుకున్నాను. వేసవంతా జీతం లేకుండా డెమో క్లాసులు చెప్పాను. జూన్‌లో కొత్త బ్యాచ్ మొదలైన రోజు వెళ్తే, బోర్డు దగ్గర ఆయన బామ్మర్ది పాఠం చెబుతున్నాడు.

"గిదేంది సారూ?"

"పరేషాన్ గాకు తమ్మీ. రుచి సూసినంక కొనాల్నని ఏమన్నుందా?" అని నవ్వారు.

బయటికి వస్తుంటే అవ్వ పిలిచింది. "నేరేడుపండ్లు బిడ్డా, ఒకటి రుచి సూడు."

రుచి చూడకుండానే అరకిలో కట్టించుకున్నాను.