జూన్ మబ్బుకు చెప్పిన మాట

మా అమ్మాయి మార్చి నెలలో పోయింది. రోగం ముదిరినాకనే బయటపడింది. ఇక్కడ కాన్సాస్‌లో గోధుమ పైరు మంచు కింద నుంచి పచ్చగా లేస్తున్న రోజులవి. ఇక్కడి మన తెలుగువాళ్లు, మీలో చాలామంది ఫోన్ చేసినారు, అన్నం వండి తెచ్చి పెట్టినారు. అప్పుడు ఆమె సంగతులు మీకు చెప్పలేకపోయినాను. ఇప్పుడు రాస్తున్నాను, మాట్లాడినట్టే.

ఆమె ఉద్యోగం గోధుమలతో. ఏ రకం చలికి తట్టుకుంటుంది, ఏది వాన తక్కువైనా కంకి వేస్తుంది అని యూనివర్సిటీ వాళ్ల పొలాల్లో తిరిగి చూసేది. దారిలో ఏ చేను కనబడినా కారు ఆపి, కంకి నలిపి, నాలుగు గింజలు నోట్లో వేసుకునేది. పంటి కింద టక్కుమంటే ఎండినట్టు, సాగితే ఇంకా పచ్చి. మిగిలినవి చొక్కా జేబులో పడేసేది. బట్టలు మిషన్లో వేస్తే లోపల గలగలమనేవి.

"పాపా, జేబులు దులపవే, మిషన్ చెడిపోతుంది."

"చెడిపోదులేమ్మా. అదీ కాన్సాస్‌దే, దానికి గోధుమలు అలవాటే."

ఈ పిచ్చి ఆమెకు చిన్నప్పుడే పట్టింది. అనంతపురం దగ్గర మా ఊళ్లో వానల్లేక జొన్న, కొర్ర ఏదీ చేతికి రాని ఏడు, బళ్లో పిల్లలకు అమెరికా గోధుమనూకతో ఉప్మా పెట్టేవాళ్లు. ఈమె సగం తిని, సగం గిన్నెలో నాకు తెచ్చేది. "అమ్మా, మనకు వాన లేదు కదా, ఇది ఎవరికి వాన పడితే పండింది?" అని అడిగేది. నాకేం తెలుసు? "ఎవరో పుణ్యాత్ములు, తిను" అన్నాను. పెద్దదై, చదువుకుని, ఆ పుణ్యాత్ముల పక్కింట్లోనే ఇల్లు తీసుకుంది. మా ఆయన పోయినాక నన్నూ ఇక్కడికి తెచ్చుకుంది.

పక్కింట్లో గోధుమ రైతు, ఒక పెద్దాయన, ఆయన భార్య. ఒక ఏడు చలికి పైరు మాడింది, మరుసటి ఏడు వానల్లేవు. మూడో పంట కూడా పోతే తాతల నాటి పొలం అమ్ముకోవాల్సిందేనని అమ్మాయి చెప్పింది. ఆ మూడో పంట కంకులు వంగేలా పండింది.

అప్పటికి నేను వచ్చిన కొత్త. జూన్లో ఒక పొద్దున పడమట నల్లగా మబ్బు లేచింది. మా అనంతపురం పక్క ఆ మబ్బు కోసం ఎంత ఎదురు చూసేవాళ్లమో! విత్తనాలేసే వాన అది. సంతోషం పట్టలేక ఓళిగలు, అదే బొబ్బట్లు, చేసి, నెయ్యి రాసి, ప్లేటు పట్టుకుని పక్కింటికి పోయినాను. పెద్దాయన మెట్ల మీద నిలబడి మబ్బునే చూస్తున్నాడు.

"రెయిన్! గుడ్, గుడ్!" అన్నాను.

ఆయన నన్ను చూసినాడు, ప్లేటు చూసినాడు. "థాంక్యూ మేడం" అని మెల్లగా అన్నాడు. ఆయన భార్య కళ్లు తుడుచుకుంటూ లోపలికి పోయింది.

అంతలో అమ్మాయి వచ్చింది. "ఏందమ్మా ఇది, ఓళిగలా?"

"మబ్బొచ్చింది కదే!"

"అయ్యో నా తల్లీ! మన ఊర్లో ఈ వానకు విత్తుతారు. ఇక్కడ ఈ వానకు కోతకొచ్చిన చేను పోతుంది. వడగళ్లు పడితే గింజంతా నేలపాలే."

నేను ప్లేటు కొంగు చాటున దాచుకున్నాను. ఆమె నవ్వుతూనే చేలోకి దిగి గింజ కొరికింది. "టక్కుమంది. ఇప్పుడే మొదలుపెట్టండి" అని పెద్దాయనకు చెప్పి, చుట్టుపక్కల రైతులకు ఫోన్లు చేసింది. వాళ్లు తమ కోత మిషన్లతో వచ్చినారు. ఈమె ట్రక్కు నింపుకుని గోదాముకు పరుగు, మళ్లీ వెనక్కి. నడుమ ఒకసారి ఆగి, మంచినీళ్లు తాగుతూ మబ్బు వైపు చెయ్యి ఊపింది. "ఇక్కడొద్దు నాయనా, అనంతపురం పో. అక్కడ విత్తనాలు పట్టుకుని కూర్చున్నారు."

ఆఖరి ట్రక్కు పోయినాక వడగళ్లు పడినాయి, కోసేసిన చేలో ఉత్త కొయ్యకాళ్ల మీద. అప్పుడు పెద్దాయన ఓళిగ తిన్నాడు. ఇంకొకటి అడిగినాడు. అమ్మాయి ఆయనకు బడి ఉప్మా సంగతి చెప్పి, చిన్నప్పటి నుంచి ఈ థాంక్స్ దాచుకున్నానంది. ఆయన టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. "మా నాన్న పండించిన రోజులవి. ఎవరు తిన్నారో మాకెప్పుడూ తెలీలేదు" అన్నాడని అమ్మాయే నాకు తెలుగులో చెప్పింది.

"వాన ఎంత పడిందని అందరూ అడుగుతారు. ఎప్పుడు పడిందని అడగాలమ్మా" అనేది ఆమె. ఇంత త్వరగా ఎందుకు తీసుకుపోయినావని దేవుణ్ణి నేనింకా అడుగుతూనే ఉన్నాను. తన గిన్నెలో సగం నాకు మిగిల్చిన బిడ్డను ఇచ్చినందుకు ఆయనకే దణ్ణం పెడుతున్నాను.

ఈ జూన్లో పెద్దాయన మా మెట్ల దగ్గరికొచ్చి, కంకి నలిపి గింజలు నా చేతిలో పోసినాడు. కొరికినాను. కొంచెం సాగింది. "టుమారో" అన్నాను. తలూపినాడు. పడమట చిన్న మబ్బు తునక కనబడింది. "ఇక్కడొద్దు నాయనా, అనంతపురం పో" అన్నాను. దాని నీడ చేను మీదుగా పాకుతూ పోయింది. మిగిలిన గింజలు, చీర మీద తొడుక్కున్న మా అమ్మాయి చొక్కా జేబులో వేసుకున్నాను.

మర్నాడు బయట పెద్దాయన కోత మిషన్ మొదలైంది. ఇంట్లో బట్టల మిషన్ గలగలమంటోంది.