తొమ్మిదో తరగతి గదిలో నేనన్న మాట

మా ఆయన ఉద్యోగం మెల్‌బోర్న్‌లో, ఇల్లు ఆ నగరం శివార్లలో ఉన్న వెర్రిబీలో. నాకు మాత్రం లెక్కల టీచరు పని అక్కడికి నాలుగు గంటల దూరంలో, గోధుమ పొలాల మధ్య ఉన్న ఒక చిన్న ఊళ్ళో దొరికింది. ఏడాది పనిచేశాక స్కూలు వాళ్ళు ‘బాగా చేసింది’ అని రాసిస్తేనే ఈ దేశంలో నా టీచరు రిజిస్ట్రేషన్ పక్కా అవుతుంది. గుంటూరులో పన్నెండేళ్ళు ఇంటర్ పిల్లలకు చెప్పిన దాన్ని, ఈ పద్నాలుగేళ్ళ వాళ్ళు నన్నేం చేస్తారులే అనుకున్నాను.

మొదటి వారంలోనే తెలిసింది. నేను ‘ఎన్’ అనే అక్షరాన్ని ‘యెన్’ అంటానట. బోర్డు వైపు తిరిగితే చాలు, వెనక నుంచి ‘యెన్, యెన్’ అని మేకల అరుపుల్లా మొదలయ్యేది. ఎవరన్నారని అడిగితే ఇరవై నాలుగు ముఖాలూ ఏమీ ఎరగనట్టు చూసేవి. స్టాఫ్ రూంలో నన్ను ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. అసలు మాట్లాడితే కదా. డిప్యూటీ ప్రిన్సిపాల్ ఒక్కాయన కాఫీ కలుపుకుంటూ సలహా ఇచ్చాడు. వాళ్ళు నిన్ను పరీక్షిస్తున్నారు, ఒక్కసారి గట్టిగా తిరిగి అంటించు, దారికొస్తారు అని.

ఆ క్లాసులో ఒక తెలుగమ్మాయి ఉండేది. ఆ ఊరికంతా ఉన్న ఒకే ఒక్క డాక్టరు గారి కూతురు. నేను వచ్చిన నెలలోపే వాళ్ళమ్మ నన్ను భోజనానికి పిలిచింది. వెర్రిబీ నుంచి కరివేపాకు, గోంగూర పట్టుకెళ్ళాను. గోంగూర కట్ట విప్పి ముఖానికి దగ్గరగా పెట్టుకుని ఆవిడ వాసన చూసింది. ఆ తర్వాత ఇక ఆవిడ మాటలు ఆగలేదు. ఆరేళ్ళుగా ఇంట్లో వాళ్ళతో తప్ప ఎవరితోనూ తెలుగు మాట్లాడలేదట. అమ్మాయి వచ్చి “హాయ్ ఆంటీ” అని, కంచం తీసుకుని తన గదిలోకి వెళ్ళిపోయింది.

వంటింట్లో అంట్లు తోముతూ ఆవిడ గొంతు తగ్గించింది. కూతురికి పైపెదవి మీద నూగు మీసంలా వస్తోందట. రోజూ పొద్దున తలుపు వేసుకుని నాన్న రేజరుతో గీసుకుంటోందట. ఈత పోటీల రోజున కడుపునొప్పి అని మంచం దిగలేదట. “స్కూల్లో తెలిస్తే చచ్చిపోతానంటోందండీ. మా ఆయనకేమో ఇది నవ్వులాటగా ఉంది. మీరు కాస్త కనిపెట్టుకుని ఉండండి” అంది. ఉంటానని చెప్పాను.

మే నెలలో ఒక మధ్యాహ్నం బోర్డు మీద సమీకరణం రాస్తున్నాను. వెనక నుంచి నా గొంతు వినిపించింది. టీవీలో ఇండియా వాళ్ళను వెక్కిరించే యాస కాదది. అచ్చంగా నాదే. వాక్యం చివర నేను తీసే దీర్ఘం, ‘క్లియరేనా’ అని అడిగే ముందు చిన్నగా ఊపిరి పీల్చడం, అన్నీ ఉన్నాయి. క్లాసు పడీపడీ నవ్వింది. తిరిగి చూస్తే ఆ అమ్మాయి లేచి నిలబడి ఉంది. అప్పటిదాకా ఆ క్లాసులో తనతో ఎవరూ పెద్దగా కలిసేవారు కారు. ఆ నవ్వులకి దాని ముఖం వెలిగిపోతోంది.

అంత బాగా ఎలా పట్టిందో నాకు వెంటనే అర్థమైంది. అది పుట్టినప్పటి నుంచి వింటున్నది వాళ్ళమ్మ గొంతు. మా ఇద్దరిదీ ఒకే జిల్లా.

మార్కర్ మూత పెట్టాను. కోపంలో నోరు జారానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను కానీ అది నిజం కాదు. అందరికీ అర్థమయ్యేలా, ఇంగ్లీషులో, ఒక్కొక్క మాటా విడదీసి అన్నాను.

“నా నోటి సంగతి తర్వాత చూద్దాం. ముందు నువ్వు మీ నాన్న రేజరు ఆయనకి తిరిగి ఇచ్చెయ్.”

మొదట ఎవరికీ బోధపడలేదు. రేజరేమిటి మిస్ అని ఎవరో అడిగారు. నేను చూపుడు వేలితో నా పైపెదవి మీద అటూ ఇటూ రాసి చూపించాను.

గది దద్దరిల్లిపోయింది. బల్లలు గుద్దారు. ఆ అమ్మాయి అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. గంట కొట్టేదాకా ఆ చెయ్యి తియ్యలేదు. ఆ ఊరొచ్చాక మొదటిసారి ఒక గదినిండా మనుషులు నాతో కలిసి నవ్వారు. నాకు సంతోషం వేసింది. అది దాచి లాభం లేదు.

మర్నాటి నుంచి ‘యెన్’ అనే మాట వినపడలేదు. హోంవర్కులు వచ్చేవి. వరండాలో ఎదురైతే “గుడ్ వన్, మిస్” అనేవాళ్ళు. ఆ అమ్మాయికి మాత్రం మీసం మీద ఒక ఎగతాళి పేరు పుట్టింది. దాని బల్ల మీద ఎవరో ఒక ప్లాస్టిక్ రేజరు పెట్టారు. నేను తీసి చెత్తబుట్టలో పడేసి పాఠం మొదలుపెట్టాను. ఎవరు పెట్టారని అడగలేదు.

ఆ శనివారం, ఆ ఊళ్ళో నేను అద్దెకుంటున్న ఇంటికి వాళ్ళమ్మ వచ్చింది. ఈగల జాలీ తలుపు అవతలే నిలబడింది. లోపలికి రమ్మంటే రాలేదు.

“ఈ ఊళ్ళో నా భాషలో చెప్పుకోవడానికి మీరొక్కరే దొరికారండీ. అందుకే చెప్పాను” అంది.

క్షమించమన్నాను. “నాక్కాదు, దానికి చెప్పండి” అని కారెక్కింది.

సోమవారం లైబ్రరీలో ఆ అమ్మాయిని పట్టుకుని తెలుగులో తప్పైపోయిందమ్మా అన్నాను. అది చుట్టూ ఎవరైనా విన్నారేమోనని చూసింది. “ఇట్స్ ఫైన్, మిస్” అంది. ఆంటీ అనలేదు.

టర్మ్ అయిపోగానే ఆ పిల్లను మెల్‌బోర్న్‌లో హాస్టల్ ఉన్న స్కూల్లో వేశారు. ఏడాది తిరక్కుండా డాక్టరు గారు కూడా క్లినిక్ మూసి వెళ్ళిపోయారు. ఇప్పుడు జ్వరమొచ్చినా గంటసేపు కారులో పోవాలి. ముసలివాళ్ళు సూపర్ మార్కెట్లో నన్ను ఆపి, మీవాళ్ళే కదా, ఎందుకు వెళ్ళిపోయారో తెలుసా అని అడిగేవారు. పిల్ల చదువు కోసమట అనేదాన్ని. డిప్యూటీ నా రిపోర్టులో విద్యార్థులతో మంచి అనుబంధం ఏర్పరచుకుంది అని రాశాడు. నా రిజిస్ట్రేషన్ పక్కా అయింది. స్కూలు నన్ను పర్మనెంటు చేసింది.

పోయిన సంవత్సరం ఆ పిల్లలు పన్నెండో తరగతి పూర్తిచేశారు. వీడ్కోలు విందులో నన్ను తమ బల్ల దగ్గర కూర్చోబెట్టుకున్నారు. ఒకడు లేచి రేజరు కథ మొదట్నుంచీ చెప్పాడు. మిస్ మనలో కలిసిపోయిన రోజు అదే అన్నాడు. వాళ్ళ అమ్మానాన్నలు కూడా నవ్వారు. నా వైపు గ్లాసులు ఎత్తితే నేనూ ఎత్తాను. ఇంతకీ ఆ అమ్మాయి ఎక్కడుందని ఒకావిడ అడిగింది. ఎవరికీ తెలియదన్నారు. నేను కూడా తెలియదనే చెప్పాను.