మూడోసారి తిరిగొచ్చిన ఎర్ర కారు

ఎర్ర కారు మూడోసారి తిరిగి రావడం చెవి మేస్త్రీ షెడ్డు లోపలి నుంచే చూశాడు. చూసి, చేతిలో ఉన్న స్పానరును బల్ల మీద విసురుగా పడేశాడు. అది దొర్లి కిందపడింది. తీద్దామని వంగితే నడుము పట్టేసింది. ఆ రోజు ఎలా గడవబోతోందో అతనికి అక్కడే అర్థమైపోయింది.

కారు రెండు సీట్లది, బ్రిటిష్ వాళ్ళు చేసింది. వయసులో మేస్త్రీ కన్నా రెండేళ్ళే చిన్నది. పైకప్పు గుడ్డది, సీటు నేలకు జానెడు ఎత్తున ఉంటుంది. దాని యజమాని రిటైరైన జడ్జిగారు. ఆయన అందులోంచి దిగడం ఒక పెద్ద పని. ముందు కాళ్ళు బయటికొస్తాయి, తర్వాత తల, మిగతా మనిషి రావడానికి ఇంకాసేపు పడుతుంది. అంతా బయటికొచ్చాక ఆయన టోపీ సర్దుకున్నారు.

"మేస్త్రీ, మళ్ళీ కుంటుతోంది. సిగ్నల్ దగ్గర ఆగితే గజగజ వణుకుతోంది. కదిలిస్తే ఒక కుదుపు. పక్క బస్సులోవాళ్ళు తలలు బయటపెట్టి చూస్తున్నారు."

"కిందటిసారి బాగానే వెళ్ళింది కద సార్?"

"మీ గేటు దాకా బాగానే వెళ్ళింది." జడ్జిగారు గొంతు పెంచరు. ఆ గొంతు పెంచకపోవడమే మేస్త్రీకి మరీ మంట. "ఇది మూడో వాయిదా. నేను తొందరపెట్టడం లేదు. బైపాసు దగ్గర కొత్త వర్క్‌షాపు పెట్టారట, గాలి కొలిచే మీటర్లవీ ఉన్నాయట. మీకు వీలు కాకపోతే..."

మీటర్లు అన్న మాటకు మేస్త్రీకి ఒళ్ళు మండిపోయింది. "సాయంత్రం నాలుగింటికి రండి సార్. అప్పటికీ ఇది కుంటితే ఈ షెడ్డు మూసేస్తాను. తాళం తెచ్చి మీ చేతిలో పెడతాను. ఆ మీటర్లవాళ్ళకే ఇచ్చుకోండి."

అనేశాక గానీ తాను ఏమన్నాడో అతనికి తెలియలేదు. జడ్జిగారు నెమ్మదిగా తల ఊపారు. ఆయన ముందు నోరు జారిన మాట రికార్డుకెక్కినట్టే.

ఊరంతా అతన్ని చెవి మేస్త్రీ అనే పిలుస్తుంది. పద్దెనిమిదేళ్ళప్పుడు ఒక ముసలి మేస్త్రీ దగ్గర పనికి కుదిరాడు. ఆ ముసలాయన పరమ కోపిష్టి, పలకరిస్తే కరిచే రకం. ఆయన నేర్పినవి బోలెడన్ని, తిట్టినవి అంతకు పదింతలు. వాటిలో రెంటిని మాత్రం మేస్త్రీ నలభై మూడేళ్ళుగా వదల్లేదు.

మొదటిది గొట్టాలు. ఈ కార్లకు కార్బురేటర్లు రెండు. ముందున్నది ముందు రెండు సిలిండర్లకు, వెనకున్నది వెనక రెంటికీ గాలీ పెట్రోలూ కలిపి పంపుతుంది. రెండూ సమానంగా పీల్చుకోవాలి. ఒకటి ఎక్కువా ఒకటి తక్కువా పీలిస్తే, పొడుగెద్దునూ పొట్టెద్దునూ ఒకే కాడికి కట్టినట్టు ఇంజను నడుస్తుంది. అందుకని సమానమైన పొడుగున్న రెండు రబ్బరు గొట్టాలు తీసుకుని, ఒక్కో కొన ఒక్కో కార్బురేటరు నోటి దగ్గర క్లిప్పుతో నిలపాలి. రెండో కొనలు చెవుల్లో పెట్టుకోవాలి. ముందుదానికి ఎడమ చెవి, వెనకదానికి కుడి చెవి. గాలి సుయ్‌మని పోతూ ఉంటుంది. స్క్రూ తిప్పుకుంటూ పోతే ఒకచోట ఆ రెండు చప్పుళ్ళూ కలిసిపోయి తల మధ్యలో వచ్చి కూర్చుంటాయి. అక్కడ చెయ్యి ఆపేయాలి. ఆ చోటు పట్టుకోవడంలో మేస్త్రీని మించినవాడు లేడు. ఎక్కడెక్కడివాళ్ళో పాత కార్లను లారీలకెక్కించి తెచ్చేవారు ఆ చెవి కోసం.

రెండోది తారుమారు. ఏది పాడైందో తెలియనప్పుడు అనుమానం ఉన్న రెండు వస్తువుల్నీ ఒకదాని చోట ఒకటి పెట్టి చూడాలి. జబ్బు వస్తువు వెంట పోతే ఆ వస్తువుది. ఉన్నచోటే ఉంటే ఆ చోటుది.

జడ్జిగారు ఆటో ఎక్కి వెళ్ళగానే మేస్త్రీ బానెట్ ఎత్తి ఇంజను వైపు శత్రువును చూసినట్టు చూశాడు. అది నింపాదిగా ఒక నూనె చుక్క నేల మీదికి వదిలింది. పోయిన నెలే దాని కింద, కారకుండా, కొత్త గాస్కెట్ వేశాడు.

"సిగ్గు లేదే నీకు?" అన్నాడు దాన్ని.

స్టార్టు చేసి ప్లగ్గు వైర్లు ఒక్కొక్కటే పీకి చూశాడు. ముందు సిలిండర్ల వైరు పీకితే ఇంజను చావుబతుకుల్లో పడుతోంది. వెనకవాటిది పీకితే ఆ సంగతే దానికి పట్టడం లేదు. అంటే వెనక రెండూ పనిదొంగలు, ముందు రెండే బండి లాగుతున్నాయి. ఇది కిందటిసారీ తెలుసు, అంతకుముందూ తెలుసు. ప్లగ్గులు తారుమారు చేశాడు, వైర్లు చేశాడు, కార్బురేటర్ల లోపలి ముక్కలన్నీ విప్పి ముందువి వెనకకూ వెనకవి ముందుకూ మార్చాడు. సిలిండర్లలో ఒత్తిడి కొలిచాడు. అన్నీ సమానంగానే ఉన్నాయి. అయినా వెనక రెండూ బద్ధకంగానే ఉన్నాయి. వాల్వుల సందు సరిచేద్దామంటే ఈ కార్లకు మామూలు స్పానర్లు పట్టవు, వీటి కొలతలే వేరు. సరైన స్పానరు కోసం మూడు డబ్బాలు బోర్లించాడు. అది జేబులోనే ఉంది.

మధ్యాహ్నానికి వాల్వులూ అయ్యాయి. గొట్టాలు చెవుల్లో పెట్టుకుని స్క్రూ తిప్పాడు. చప్పుడు తల మధ్యలోకి వచ్చి చక్కగా కూర్చుంది. గొట్టాలు తీసి చూస్తే ఇంజను మాత్రం అదే వణుకు. నీళ్ళ గ్లాసు ఒకటి ఇంజను మీద పెట్టాడు. గ్లాసు నడుచుకుంటూ వెళ్ళి కిందపడి పగిలింది.

ఇంటి వెనక తలుపుకూ షెడ్డుకూ మధ్య మూడు మెట్లు. మేస్త్రీ భార్య ఆ మెట్లు ఒక్కొక్కటే పక్కవాటుగా దిగి వచ్చింది. ఈమధ్య అలాగే దిగుతోంది, తన మీద విసుగు చూపించడానికేనని అతని ఉద్దేశం. వచ్చి అతని ఎడమ పక్కన నిలబడి భోజనానికి రమ్మంది. అతను పలకలేదు. మళ్ళీ అంది. మూడోసారి కూడా అని, కోపంగా కుడి పక్కకు వచ్చి మామూలుగానే అడిగింది.

"వస్తున్నారా, మూతలు పెట్టేయనా?"

మేస్త్రీ ఉలిక్కిపడ్డాడు. "అరుస్తావెందుకు? నేనేమైనా చెవిటివాణ్ణా?"

"అరవలేదు. ఇది నాలుగోసారి. ఇంతసేపూ గోడతో మాట్లాడినట్టుంది."

"నోట్లో నోట్లో గొణిగితే ఎవరికి వినపడుతుంది? ఈ మధ్య అందరికీ అదే జబ్బు. ఫోన్లో మాట్లాడేవాళ్ళూ అంతే."

"ఆ ఇంజను ఇంకా కుంటుతూనే ఉందే," అంది ఆమె. ముప్పై ఆరేళ్ళుగా వంటింటి కిటికీలోంచి ఇంజన్లు వింటున్న మనిషి. పోపు వేస్తూ వేస్తూనే ఏ బండి ఎప్పుడు కుదురుకుందో చెప్పగలదు.

అప్పటికే కాలిపోతున్న మేస్త్రీకి ఆ మాట పెట్రోలైంది. "ఓహో! అయితే నువ్వే మేస్త్రీవి, నేను వంట చేస్తాలే. ఇదిగో, పెట్టుకుని విను. మధ్యలో ఉందో లేదో నువ్వే చెప్పు!" అంటూ గొట్టాలు ఆమె చేతిలో కుక్కాడు.

వెటకారానికి అన్నాడు. ఆమె నిజంగానే కొంగుతో కొనలు తుడిచి చెవుల్లో పెట్టుకుంది. కాసేపు విని, మొహం చిట్లించింది.

"మధ్యలో ఏమిటి? మోతంతా ఎడమ పక్కనే ఉంది. కుడివైపు వస్తోందా అంటే వస్తోంది, అంతే."

"తిరగేసి పెట్టుకున్నావు."

"సరే, తిప్పుతాను." ఆమె కొనలు మార్చి పెట్టుకుంది. "ఇప్పుడు మోత కుడి పక్కకొచ్చింది. ఇందాకటిదే గొట్టం, అదే మోత. ముందుదే ఎక్కువ పీలుస్తోందండీ."

మేస్త్రీ ఆమె చేతిలోంచి గొట్టాలు లాక్కున్నాడు. ఎప్పటిలాగే పెట్టుకున్నాడు. చప్పుడు మధ్యలోనే ఉంది. ఆమె అజ్ఞానాన్ని నిరూపించడానికే కొనలు తారుమారు చేసి పెట్టుకున్నాడు.

కుడి చెవిలో హోరు. ఎడమ చెవిలో ఏమీ లేదు.

గొట్టాలు తీసి, జేబులోంచి రెండు స్పానర్లు తీసి కుడి చెవి దగ్గర టక్కున కొట్టాడు. ఎడమ చెవి దగ్గర కొట్టాడు. మళ్ళీ కుడి దగ్గర, మళ్ళీ ఎడమ దగ్గర. ప్లగ్గులు మార్చాడు, వైర్లు మార్చాడు, ముక్కముక్కా విప్పి మార్చాడు. మార్చి చూడనివి తన చెవులే. ఎడమ చెవికి తక్కువ వినపడుతోందని ముందు కార్బురేటరును తెరుచుకుంటూ పోయాడు, అది గొంతు చించుకుని అరిచేదాకా. పనిదొంగలని తిట్టిన వెనక సిలిండర్లు ఏ పాపమూ ఎరగవు.

అతనికి భయం వేసింది. ఊరు పిలిచే పేరులో ఉన్నదే తనలోంచి పోయింది. దాన్ని దాచుకుందామా అంటే పెళ్ళాం ఎదురుగా నిలబడి ఉంది.

ఆమెకు అప్పటికే అర్థమైంది. గొట్టాలు తీసుకుని మళ్ళీ తన చెవుల్లో పెట్టుకుంది.

"తిప్పండి."

"నీకేం తెలుసని..."

"వినడం తెలుసు. తిప్పడం మీకు తెలుసు. నాలుగింటికి ఆయనొస్తాడు."

అతను స్క్రూడ్రైవరు పట్టుకున్నాడు. ఆ గంటసేపు వాళ్ళిద్దరూ కాపురం చేసిన ఇన్నేళ్ళలో పడనంత గొడవ పడ్డారు. "ఇంకొంచెం" అంటే ఎంతని అతను, కొంచెమంటే కొంచెమేనని ఆమె. "ఎక్కువైపోయింది!" "ఇప్పుడే కదా తక్కువన్నావు?" "అప్పుడు తక్కువ, ఇప్పుడు ఎక్కువ!" ఒకసారి అతను స్క్రూడ్రైవరు విసిరేశాడు. "మీరే వెళ్ళి తెచ్చుకోండి" అని ఆమె కదలకుండా కూర్చుంది. చివరికి ఆమె కళ్ళు మూసుకుని చెయ్యెత్తింది.

"ఆగండి. ఇక్కడ. రెండూ కలిసిపోయాయి. తల మధ్యలో... అబ్బ, భలే ఉందండీ!"

ఇంకో గ్లాసుడు నీళ్ళు ఇంజను మీద పెట్టారు. నీళ్ళ మీద సన్నటి గీతలు మాత్రం పడ్డాయి. గ్లాసు కదల్లేదు.

నాలుగింటికి జడ్జిగారు వచ్చి కారు తీసుకుని వెళ్ళి, అరగంటకు తిరిగొచ్చారు. ఈసారి ఇంజను ఆపకుండానే కూర్చుని, దాని చప్పుడు వింటూ నవ్వారు.

"మీటర్లన్నందుకు ఏమీ అనుకోకండి మేస్త్రీ. మీ చెవి ముందు ఏ మీటరూ పనికిరాదు."

మేస్త్రీ భార్య మెట్ల మీద నిలబడి ఉంది. ఒక్క "అవును సార్" అంటే సరిపోయేది. తాళం జేబులోనే ఉండేది, పేరు ఊళ్ళోనే ఉండేది. మేస్త్రీ చేతిగుడ్డతో వేళ్ళు తుడుచుకున్నాడు, తుడుచుకున్నవే మళ్ళీ తుడుచుకున్నాడు.

"నా చెవి పోయింది సార్," అన్నాడు విసుగ్గా, కారుదో ఇంకెవరిదో తప్పు చెప్తున్నట్టు. "ఎడమది. అందుకే మూడుసార్లు తిప్పాను మిమ్మల్ని. ఇవాళ విన్నది ఆవిడ. నేను స్క్రూ తిప్పానంతే."

జడ్జిగారు అతన్నీ ఆమెనూ మార్చి మార్చి చూశారు. తర్వాత టోపీ తీసి, మెట్ల వైపు తిరిగి, "వచ్చే నెల మా స్నేహితుడి కారు కూడా పంపిస్తానమ్మా. కొంచెం వినిపెట్టాలి," అన్నారు.

మధ్యాహ్నం భోజనం అయిదింటికి మొదలైంది. అన్నీ చల్లారిపోయాయి. వంటింట్లో బల్ల గోడకు ఆనించి ఉంటుంది. మేస్త్రీకి కుడి పక్క గోడ, ఎడమ పక్క భార్య. ఏళ్ళ తరబడి అంతే. అతను కంచం ముందు కూర్చుని, మళ్ళీ లేచి, కుర్చీ ఈడ్చుకుంటూ వెళ్ళి బల్ల అవతలి కొసన వేసుకున్నాడు. ఇప్పుడు అతని కుడి చెవి ఆమె వైపు ఉంది.

"ఇన్నాళ్ళూ ఇక్కడ కూర్చుని ఏమేం చెప్పావు?" అన్నాడు కంచంలోకి చూస్తూ.

"ఎన్నని చెప్పను? రోజూ ఏదో ఒకటి. మీరు పలక్కపోతే ఇష్టం లేదనుకున్నాను. తర్వాత్తర్వాత చెప్పడం మానేశాను."

"ఒకటి చెప్పు."

"మోకాలు నొప్పి అని చెప్పాను. ఆ మెట్లు దిగలేకపోతున్నానని. రెండేళ్ళవుతుంది. మీరు మంచినీళ్ళు తాగి లేచి వెళ్ళిపోయారు."

మేస్త్రీ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. దాన్ని కంచంలో వదిలేసి, చెయ్యి కడుక్కుని, షెడ్డులోకి వెళ్ళి కొలతటేపు తెచ్చాడు. మూడు మెట్ల పక్కన గొంతుక్కూర్చుని, పట్టుకుని దిగడానికి ఇనప కమ్మీ ఎంత పొడుగు కావాలో కొలుస్తూ, మెట్లు కట్టిన తాపీ మేస్త్రీని, ఇటుకల్ని, తనను, అన్నిటినీ కలిపి తిట్టుకున్నాడు.

"తిన్నాక కొలవకూడదా?" ఆమె లోపలి నుంచి కేకేసింది.

"వినపడింది," అన్నాడు మేస్త్రీ. "అరవకు."