నేను పెట్టిన మారుపేరు

దయ్యాలు, ఆత్మలు, కలలో కనిపించి కబురు చెప్పడాలు నేను నమ్మను. ఇదంతా జరిగాక కూడా నమ్మను. ఎవరైనా అలాంటి కథ మొదలుపెడితే మధ్యలోనే అడ్డు తగిలి చెడగొట్టడం నాకు చిన్నప్పటినుంచీ అలవాటు. దీని పక్కన కూర్చుంటే దయ్యానికి కూడా తలనొప్పి వస్తుందని మా అమ్మ అంటూ ఉంటుంది. నేను బెంగళూరులో ఒక కాలేజీలో రాజనీతిశాస్త్రం చెబుతాను. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, అంతే.

మూడేళ్ళ క్రితం నాకు ఒక ట్రావెల్ గ్రాంటు వచ్చింది. విదేశాలకు వెళ్ళి అక్కడి జనంతో మాట్లాడి పరిశోధన చేసే నాలాంటివాళ్ళకు విమానం టికెట్టు, బస, తిండి ఖర్చులు ఇచ్చే పథకం అది. స్టాఫ్ రూములో అందరూ గల్ఫ్ టూరు అని ఆటపట్టించారు, ఖర్జూరాలకు చీటీ కూడా రాసిచ్చారు. దరఖాస్తులో ఒక ప్రశ్న ఉంది: అంత దూరం వెళ్ళడం ఎందుకు, ఫోనులో అడిగితే సరిపోదా? ఫోనులో అందరూ బాగున్నామనే చెబుతారు అని రాశాను. ఆ ఒక్క వాక్యానికే గ్రాంటు ఇచ్చారని నా అనుమానం.

ఆరు వారాలు ఒక గల్ఫ్ నగరంలో తెలుగు కూలీలుండే క్యాంపుల చుట్టూ తిరిగాను. ఒక్కో గదిలో పదిమంది పైనే ఉంటారు. వంట వంతులు, బాత్రూము వంతులు, గొడవలు, తీర్పులు అన్నిటికీ వాళ్ళలోనే ఒకరిని గది పెద్దగా ఎన్నుకుంటారు. సొంత ఊళ్ళో ఓటు వేయడానికి రాలేని మనుషులు ఆ గదిలో ఎన్నికలు ఎలా జరుపుకుంటారన్నదే నా పరిశోధన.

గ్రాంటువాళ్ళు రెండు షరతులు పెట్టారు. నాతో మాట్లాడినవాళ్ళను ఎవరూ గుర్తుపట్టకూడదు. పేరు, ఊరు, పని, కుటుంబం అన్నీ మార్చి రాయాలి. యజమానికి తెలిస్తే ఆ మనిషి పని పోతుంది మరి. ఇక తిరిగి వచ్చాక, తెలుసుకున్నది ఆ జనం భాషలోనే, వాళ్ళ కుటుంబాలుండే చోటికి వెళ్ళి చెప్పాలి.

వివరాలు మార్చవచ్చు గానీ మాటలు మార్చకూడదు. మనిషి అన్నదానికి ఒక్క మాట కలిపినా అది దొంగ పరిశోధన. ఈ ఒక్క విషయం మీద నా విద్యార్థులను నేను ఏడిపించినంత ఎవరూ ఏడిపించి ఉండరు.

నాతో మాట్లాడినవాళ్ళలో ఒక డ్రైవరు ఉన్నాడు. తెలంగాణ అతను, పెళ్ళి కాలేదు, గది పెద్దగా రెండుసార్లు నిలబడి రెండుసార్లూ ఓడిపోయాడు. బెంగళూరు వచ్చాక ఇంట్లో భోజనాల బల్ల దగ్గర కూర్చుని అతన్ని వేరే మనిషిగా మార్చాను. ఓబులేసు అని పేరు పెట్టాను. కదిరి వైపు ఊరు. లాండ్రీలో ఇస్త్రీ పని. భార్య, ఒక కూతురు. ఎడమచేతి ఉంగరం వేలు సగం లేదని కూడా రాశాను. మాది దొడ్డబళ్ళాపురం, మిషన్ మగ్గాల్లో వేళ్ళు పోగొట్టుకున్నవాళ్ళను చూస్తూ పెరిగినదాన్ని, అందుకే అలా తోచి ఉంటుంది.

రెండో షరతు ప్రకారం బెంగళూరులోనే బొమ్మనహళ్ళిలో ఒక చిన్న హాలు మాట్లాడుకుని, ఆదివారం పొద్దున పదకొండింటికి సభ పెట్టాం. వచ్చినవాళ్ళలో ఎక్కువమంది గార్మెంట్స్‌లో కుట్టుపని చేసే ఆడవాళ్ళు, రాయలసీమ నుంచి వచ్చి స్థిరపడినవాళ్ళు. చాలామందికి ఇంట్లో ఎవరో ఒకరు గల్ఫ్‌లో ఉన్నారు. ఓబులేసు చెప్పినదంతా పైకి చదివాను. బాత్రూము వంతుల గొడవ దగ్గర హాలంతా నవ్వింది. నాకూ హుషారొచ్చి చివరిదాకా చదివేశాను.

అయిపోయాక అందరూ టీ దగ్గరికి వెళ్ళారు. ఒకామె మాత్రం కుర్చీలోంచి లేవలేదు. ముప్పై అయిదేళ్ళుంటాయి. దగ్గరికి వెళితే నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"మేడమ్, ఆయన బాగుండాడా?"

ఆమె పేరు నాగవేణి. భర్త పేరు ఓబులేసు. కదిరి దగ్గర పల్లె. ఏడేళ్ళ క్రితం లాండ్రీ పనికని గల్ఫ్ వెళ్ళాడు. రెండేళ్ళు ఫోన్లు చేశాడు, ఆ తరువాత లేవు. ఏజెంటు నంబరు పనిచేయడం లేదు. అక్కడ ఇంకొకామెతో ఉన్నాడని మరిది, చచ్చిపోయి ఉంటాడని బంధువులు. ఒక కూతురు, ఎనిమిదో తరగతి.

నాకు గుండె జారిపోయింది, అయినా బుర్ర పనిచేసింది. ఆ పేరూ ఊరూ నేను పెట్టినవేనని నెమ్మదిగా చెప్పాను. కదిరి వైపు ఓబులేసులు వీధికి ఇద్దరుంటారు, లాండ్రీ పనికి వెళ్ళినవాళ్ళు కొల్లలు. పైగా ఆమె భర్తకు పది వేళ్ళూ బాగానే ఉన్నాయట. హమ్మయ్య అనుకునేలోపే, అక్కడికి పోయినాక వేలు తెగిందేమో అంది.

తను గుర్తుపట్టింది పేరును బట్టి కాదని అప్పుడు చెప్పింది. నేను చదివినదాని చివర్లో ఓబులేసు ఒక మాట అంటాడు: "నన్ను పొమ్మనింది నా పెండ్లామే. అట్లని దాని తప్పేం లేదు. నాకూ పోవాలనే ఉండింది, పైకి చెప్పలేదు అంతే."

భర్త వెళ్ళనని మొండికేస్తే నాగవేణి మూడు రోజులు అతనితో మాట్లాడలేదట. వెళ్ళేరోజు కూడా తలుపు దాటి రాలేదట. ఈ సంగతి కన్నతల్లికి కూడా చెప్పలేదు. నా నోటితో నేనే పంపించి పోగొట్టుకున్నానని అయిదేళ్ళుగా లోపల్లోపలే కుమిలిపోతోంది. పోలీసు కంప్లెయింటు ఇవ్వకపోవడానికీ అదే కారణం. ఎందుకు వెళ్ళాడని వాళ్ళు అడుగుతారు కదా, ఏం చెప్పాలి?

ఇంటికొచ్చి డ్రైవరు మాటల రికార్డింగు పెట్టాను. గంటకు పైగా ఉంది. రెండుసార్లు విన్నాను. ఆ మాట లేదు. ఉండడానికి వీల్లేదు కూడా, ఆ డ్రైవరుకు పెళ్ళే కాలేదు, అతనిది ఆ యాసా కాదు. నోటుబుక్కులో వెతికాను, లేదు. నేను టైపు చేసినదాంట్లో మాత్రం ఉంది. నేను తప్ప ఆ కంప్యూటరు ముట్టుకునేవాళ్ళు లేరు. ఎప్పుడు టైపు చేశానో ఎంత ఆలోచించినా గుర్తుకు రాలేదు. ఇంకో విచిత్రం, హాల్లో చదువుతున్నప్పుడు నాకది కొత్తగా కూడా అనిపించలేదు.

మరునాడు డ్రైవరుకు ఫోన్ చేశాను. అలాంటి మనిషిని అతను ఎరగడు. నాగవేణి ఇచ్చిన ఫోటో పంపితే, పాపం, క్యాంపంతా తిరిగి చూపించాడు. ఎవరూ గుర్తుపట్టలేదు.

ఇక ఆమెకు చెప్పాలి. రెండు రోజులు కొట్టుమిట్టాడాను. ఇన్నేళ్ళకు ఆ మనిషికి కాస్త ఊపిరాడింది, ఆ మాటను నేనే లాగేసుకోవాలా? చెప్పకపోతే, మొగుడు క్షేమంగా ఉన్నాడని ఎదురు చూస్తూ ఇంకో అయిదేళ్ళు కూర్చుంటుంది. నాకు ఆమె మీద జాలీ, నా మీద నాకు కోపం.

పై ఆదివారం వాళ్ళింటికి వెళ్ళాను. రేకుల ఇల్లు, ఒకటే గది. అతను మీ ఆయన కాదు అని చెప్పాను. ఆ మాట నాతో ఎవరూ అనలేదు, నేనే రాశాను, ఎందుకు రాశానో తెలియదు, తప్పయిపోయింది అన్నాను. ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

ఆమె నింపాదిగా అడిగింది.

"నువ్వే రాసినావు, సరే. నీకెవురు చెప్పినారు?"

గ్రాంటుకు పంపిన రిపోర్టులో ఆ మాట తీసేశాను. ఎవరన్నారో చూపించలేని మాటను ఉంచకూడదు. నిద్రమత్తులో రాశానేమో, ఎక్కడో ఎవరో అన్నది విని మరిచిపోయానేమో అని నాకు నేనే వంద రకాలుగా సర్దిచెప్పుకున్నాను. ఏదీ అతకలేదు. ఈరోజుకీ అతకడం లేదు.

ఆ నెలలోనే నాగవేణి కంప్లెయింటు ఇచ్చింది. తోడుగా స్టేషనుకు నేనూ వెళ్ళాను. ఓబులేసు జాడ ఇంకా తెలియలేదు. ఆ రోజు ఫిర్యాదు రాసుకునే స్టేషను రైటరు ఊరు, వయసు అడిగి రాసుకున్నాక, ఎందుకు వెళ్ళాడమ్మా అన్నాడు. నాగవేణి తలెత్తి, తడుముకోకుండా కన్నడంలో చెప్పింది. నేనే పొమ్మన్నాను, ఆయనకూ పోవాలనే ఉండింది అని.

రైటరు అది ఉన్నదున్నట్టు రాసుకున్నాడు.