ఒకవేళ బావగారి చలికాలపు ప్రయాణం

మా బావకు ఉన్నది ఒకటే జబ్బు. 'ఒకవేళ' అనకుండా ఒక్క పూట గడపలేడు. "రేపు ఎండ కాస్తుందట బావా" అంటే "ఒకవేళ కాయకపోతే?" అంటాడు. "పోనీ, కాయదట" అంటే "ఒకవేళ కాస్తే?" అంటాడు. మా అక్కయ్యను చేసుకుంటానని అడగడానికి వచ్చిన రోజున మా నాన్న "అమ్మాయికి ఇష్టమైతే నాకేం అభ్యంతరం లేదు" అన్నాడు. బావ కుర్చీలోంచి సగం లేచి, "ఒకవేళ ఇష్టమైతే?" అని గుటకలు మింగాడట. మా నాన్న జాలిపడి ఒప్పుకున్నాడు. వీధిలో ఆయన్ని అందరూ ఒకవేళ గారనే పిలుస్తారు. ఆయన పలుకుతాడు కూడా.

భయపడటానికి జీతమిచ్చే ఉద్యోగమంటూ లోకంలో ఒకటుంటే అది వెతుక్కుంటూ వచ్చి ఆయన ఒళ్ళోనే పడింది. లిఫ్టుల తనిఖీ. ఖాళీ లిఫ్టును పైకి పంపి, తను మెట్ల మీద వగరుస్తూ దానికి ఎదురెళ్ళేవాడు.

"అదేమిటి బావా, నువ్వు బాగుందని సంతకం పెట్టిన లిఫ్టేగా. నువ్వే ఎక్కకపోతే ఎలా?"

"మిగతావాళ్ళకేం, నేను చూశానన్న ధైర్యంతో ఎక్కుతారు. నేనెవర్ని నమ్ముకుని ఎక్కాలయ్యా? ఒకవేళ నేను సరిగ్గా చూడకపోతే?"

అక్కయ్య భూగోళం టీచరు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ నల్లబల్ల మీద యూరప్ కొండలు గీసింది. గీయడం అయ్యాక డస్టరు దులిపి, ముందు వరుస పిల్లల తలల మీద ఆ పొడి రాల్చి, "ఇదర్రా అక్కడ డిసెంబరు" అనేది. తను మాత్రం మంచును ఫ్రిజ్‌లో తప్ప ఎక్కడా చూడలేదు. రిటైరయ్యాక వెళ్తానని అందరితో అనేది.

రిటైరయింది. వాళ్ళుండేది మేడ మీద. కిందటేడు ఆ మేడమెట్ల మీద కాలు జారింది. తుంటి ఎముక విరిగితే డాక్టరు మేకులు వేసి అతికించి, ఇక నడవమన్నాడు. ఎముక అతికింది కానీ ధైర్యం అతకలేదు. గుమ్మం దాకా వచ్చేది, మెట్లను చూసేది, మొహం పాలిపోయేది. "అయ్యో, పొయ్యి మీద పాలు పెట్టి వచ్చాను" అని వెనక్కి తిరిగేది. ఏడాదిగా ఆ ఇంట్లో ఎప్పుడు చూసినా పాలు పొంగుతూనే ఉన్నాయి. ప్రపంచం మొత్తాన్ని పిల్లలకు చూపించిన మనిషికి ఆ రెండు గదులే ప్రపంచమైపోతాయేమోనని నాకు భయంగా ఉండేది. చెప్పే ధైర్యం నాకూ లేదు. పుస్తకం పట్టుకుని ఎదురుగా కూర్చోవడం తప్ప నేను చేసిందేమీ లేదు.

అలాంటి ఇంట్లో ఒకరోజు టీ తాగుతూ బావ అన్నాడు. "క్రిస్మస్ సెలవులకి యూరప్ వెళ్దాం. మనం ముగ్గురం. మంచు చూద్దాం."

నేను కప్పు కింద పెట్టేశాను. అక్కయ్య ఆయన నుదుటి మీద చెయ్యి వేసి చూసింది.

"జ్వరమా ఏమిటండీ?"

"లేదోయ్. ఒకవేళ వచ్చినా అక్కడ చల్లగానే ఉంటుందిగా."

"వేసవిలో వెళ్ళకూడదూ?"

"వేసవిలో మంచు కరిగిపోతే?"

"అయితే మీరిద్దరూ వెళ్ళిరండి. నావల్ల కాదు."

"నువ్వు లేకుండానా! ఒకవేళ నేను తప్పిపోతే నన్నెవరు వెతుకుతారు? వీడా? వీడు పుస్తకంలోంచి తలెత్తేసరికి నేను గడ్డకట్టిపోయి ఉంటాను."

మర్నాడు బావా నేనూ టికెట్ల ఆఫీసుకు వెళ్ళాం. అక్కడి అమ్మాయి నవ్వుతూ కూర్చోమంది. పాపం, ఆ రోజుకు ఆమె నవ్విన చివరి నవ్వు అదే.

"అమ్మా, విమానం రెక్కల మీద మంచు పేరుకుంటే?"

"కడుగుతారు సార్."

"ఒకవేళ కడిగేవాడు సెలవులో ఉంటే?"

"ఇంకొకరు కడుగుతారు సార్."

"క్రిస్మస్ రోజున కొట్లన్నీ మూసేస్తారటగా. ఒకవేళ ఆ రోజే నా చెప్పు తెగితే?"

"బూట్లు వేసుకోండి సార్."

"రైలు సొరంగంలో ఆగిపోతే?"

ఆ అమ్మాయి మంచినీళ్ళు తాగింది. తర్వాత అసలు సంగతి చెప్పింది. వీసాకు వేలిముద్రలు ఇవ్వాలి. మనిషి స్వయంగా వెళ్ళాల్సిందే. వచ్చే నెల మొదట్లో తారీఖు దొరికింది, అది తప్పితే క్రిస్మస్ లోపల మళ్ళీ దొరకదు. ఆఫీసు ఉన్నది మూడో అంతస్తులో.

బావ నా వైపు చూశాడు. ఆయన కళ్ళల్లో అంత భయం నేనెప్పుడూ చూడలేదు. ఒకవేళ అని కూడా అనలేదు.

ఆ సాయంత్రం నుంచే రిహార్సళ్ళు మొదలయ్యాయి. ఇంట్లో నడవ నిండా టాల్కం పౌడరు చల్లి, మోకాళ్ళ దాకా వచ్చే బూట్లు తొడుక్కుని, గోడకు బల్లిలా అతుక్కుని నిలబడ్డాడు బావ.

"ఏమోయ్! ఇలా రా. నాకు మంచు మీద నడవడం రావట్లేదు. పడిపోతున్నాను, పట్టుకో!"

"చోద్యం కాకపోతే ఇదేం పని! ఒరేయ్ తమ్ముడూ, నువ్వు పట్టుకోరా."

"వాడికి తెలీదు, నువ్వు టీచరువి. పడ్డానంటే తుంటి... అబ్బా!"

ఆ ఒక్క మాటకి అక్కయ్య పరుగున వచ్చి ఆయన రెక్క పట్టుకుంది. పరుగున! ఇద్దరూ కలిసి పడతారేమోనని నేను కళ్ళు మూసుకున్నాను.

"మోకాళ్ళు కాస్త వంచండి. అంతేసి అంగలు వద్దు, చిన్న అడుగులు వెయ్యండి. పెంగ్విన్‌ని చూశారా ఎప్పుడైనా?"

"చూశాను. అది కూడా ఒకవేళ పడితే?"

"పడితే లేస్తుంది. నోరు మూసుకుని నడవండి!"

నడవ అయ్యాక మేడమెట్లు. "అక్కడన్నీ కొండ ఊళ్ళట, వీధులే మెట్లట" అంటూ మొదటి మెట్టు మీద ఆయన గజగజ వణుకుతూ నిలబడితే, అక్కయ్య గుమ్మంలోంచి తిట్టింది. తర్వాత గుమ్మం దాటి వచ్చి తిట్టింది. చివరికి ఆయన భుజం పట్టుకుని ఒక్కో మెట్టూ దింపుతూ తిట్టింది. కింద వీధిలో అడుగుపెట్టాక చుట్టూ చూసి, "ఈ ఇంటికి రంగెప్పుడు వేశారు?" అని ఎదురింటిని చూపించింది. బావ పక్కకు తిరిగి ముక్కు చీదుకున్నాడు, చలి అన్నాడు. ఎండ మండిపోతోంది.

వేలిముద్రల రోజు వచ్చింది. ఆ ఆఫీసు మెట్లు నున్నటి రాతివి, అద్దంలా మెరుస్తున్నాయి. వాటిని చూడగానే అక్కయ్య ఆగిపోయింది. మొహం పాలిపోయింది. "నేను పొయ్యి మీద..." అని మొదలుపెట్టింది. అయిపోయిందనుకున్నాను.

"నేను మాత్రం లిఫ్టెక్కనోయ్!" బావ అరిచాడు. చుట్టుపక్కలవాళ్ళు తిరిగి చూశారు. "ఒకవేళ మధ్యలో ఆగితే? నాకు కళ్ళు తిరుగుతున్నాయి. నేనిలాగే ఇంటికి పోతాను."

"పోతారా? ఇంతదాకా వచ్చాకా?" అక్కయ్య గొంతులోకి టీచరు దిగొచ్చింది. "పట్టుకోండి నా చెయ్యి. మెట్ల మీద వెళ్దాం. కిందికి చూడకండి, నన్ను చూడండి."

ఆయన్ని దాదాపు ఈడ్చుకుంటూ ఎక్కింది. నేను లిఫ్టు దగ్గరికి నడిచాను. అక్కడ స్టూలు మీద కూర్చున్న లిఫ్టు మనిషి మెట్ల వైపే నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

"ఆ పెద్దాయన మీ వాళ్ళేనా సార్? మొన్నంతా ఇక్కడే ఉన్నారు. ప్రతి మెట్టూ చేత్తో తడిమి చూశారు. రెయిలింగు కాస్త ఊగుతుంటే జేబులోంచి స్పానరు తీసి బిగించారు. పోయేముందు లిఫ్టు కూడా ఎక్కారు సార్. కళ్ళు మూసుకుని, నా చొక్కా పట్టుకుని, వణుకుతూనే! అంత భయమైతే ఎందుకండీ ఎక్కడం అంటే, 'మా ఆవిడ మెట్లు ఎక్కలేకపోతే ఇదే దిక్కు' అన్నారు."

పైన మా ఇద్దరి వంతూ అయ్యాక, అక్కయ్య వేలిముద్రలు ఇస్తుంటే బావను కిటికీ పక్కకు లాగాను.

"అయితే ఇదంతా నాటకమా బావా? నీకసలు భయమే లేదా?"

"ఎందుకు లేదూ! చచ్చేంత ఉంది." నుదురు తుడుచుకున్నాడు. "ఇదిగో బావమరిదీ, ఏ ఇంట్లోనైనా భయపడేవాడు ఒక్కడే ఉండాలి. ఇద్దరైతే సంసారం కదలదు. పెళ్ళయినప్పట్నుంచీ ఆ ఉద్యోగం నాది. పోయినేడు మీ అక్క నన్ను పక్కకు నెట్టి అందులో చేరింది. ఊరుకుంటానా?"

ఇంతలో అక్కయ్య బయటికి వచ్చింది. మమ్మల్ని చూడనైనా చూడకుండా మెట్ల వైపు నడిచింది. ఎవరి చెయ్యీ అడగలేదు. మోకాళ్ళు కాస్త వంచి, చిన్న అడుగులతో ఒక్కతే దిగడం మొదలుపెట్టింది. బావ రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. మొదటి మలుపు. రెండో మలుపు. ఆమె కనిపించకుండా పోయింది. చప్పుడు లేదు. ఆ కాసేపట్లో నేను పడ్డ భయం నా పగవాడికి కూడా వద్దు.

తర్వాత కిందినుంచి గొంతు వినిపించింది.

"ఏమండీ! ఒరేయ్! చలికోట్ల కొట్టు మూసేస్తాడు, ఇద్దరూ అక్కడే పాతుకుపోయారేం? చెవులకి టోపీలు కొనద్దూ?"

"వస్తున్నామోయ్!" అని అరిచి, బావ నా భుజం మీద వాలిపోయాడు.

"మెల్లగా దింపవయ్యా," అన్నాడు గుసగుసగా. "ఇప్పుడు నిజంగానే కాళ్ళు వణుకుతున్నాయి."